సెల్స్ నీరసపడితే గ్లుటమిన్ సీసా తియ్యకు

చిన్నీ,

సీరం (జంతువుల రక్తం నుంచి తీసే ద్రవం) లేని మీడియాలో, అంటే పోషక ద్రవంలో, సెల్స్ పెంచే పని నీకే అప్పగించారని మీ అమ్మ చెప్పింది. గర్వంగా ఉంది, టెన్షన్‌గానూ ఉంది. నీకు తొందరెక్కువ మరి.

శుభ్రత గురించి, సీసాల మీద తేదీ వెయ్యడం గురించి నీకు చెప్పక్కర్లేదు. నా భయమంతా గ్లుటమిన్ గురించే, సెల్స్‌కి తిండిగా వేసే ఆ అమైనో ఆమ్లం గురించే.

నాతో పనిచేసిన ఒకావిడ సెల్స్ ఓసారి పెరగడం తగ్గించాయి. ఆకలేమో అనుకుని ఆవిడ గ్లుటమిన్ కలిపింది. మర్నాడు ఇంకా నీరసపడ్డాయి, ఇంకాస్త కలిపింది. మైక్రోస్కోప్‌లో చూస్తే సగం సెల్స్ గుండ్రంగా ముడుచుకుపోయి, ఫ్లాస్క్ అడుగు వదిలి తేలుతున్నాయి. సెల్స్ బాగా పెరిగితే ఆమ్లం చేరి మీడియా పసుపుకి తిరగాలి, అదీ జరగలేదు. గ్లుటమిన్ ద్రావణంలో నిలవదమ్మా. 37 డిగ్రీల దగ్గర రోజురోజుకీ విరిగిపోతూ అమ్మోనియా వదులుతుంది. సెల్స్ దాన్ని వాడుకున్నా మిగిలేది అమ్మోనియానే. పాపం, తిండి పెడుతున్నాననుకుంటూ విషం పెంచింది. అంత ఓపికగల మనిషి, సెలవు రోజుల్లో కూడా వచ్చి చూసుకునేది. ఆ ఫ్లాస్కులన్నీ పారబోయాల్సి వచ్చినప్పుడు ఆవిడ మొహం నేను మర్చిపోలేదు. నీకా గతి పట్టకూడదు.

మామూలుగా మీడియాలో గ్లుటమిన్ గాఢత 2 నుంచి 4 మిల్లీమోలార్ ఉంటే చాలు. చిన్న చిన్న వాటాలుగా మైనస్ 20లో దాచి, వాడే ముందే కలుపు. అలానిల్‌-గ్లుటమిన్ దొరికితే అదే మేలు, అంత తేలిగ్గా విరగదు. సెల్స్ నెమ్మదిస్తే ముందు మీడియా మార్చు, ట్రిపాన్ బ్లూ (చచ్చిన సెల్స్‌కే అంటే రంగు) వేసి బతికున్నవెన్నో లెక్కపెట్టు, మైకోప్లాస్మా అనే బాక్టీరియా చేరిందేమో పరీక్ష చేయించు. పెన్సిలిన్ వేశాంలే అని ధీమా పడకు. మైకోప్లాస్మాకి కణగోడే లేదు, పెన్సిలిన్ దాన్నేమీ చెయ్యలేదు.

సీరం బదులు ఇన్సులిన్, ట్రాన్స్‌ఫెరిన్, సెలీనియం ఎలాగూ వేస్తావు. వీటిలో సెలీనియం దగ్గర మాత్రం లెక్క రెండుసార్లు చూడు. అది నానోమోలార్లలో, అంటే అతి కొద్దిగా, కావాలి, దశాంశ బిందువు జరిగితే సెల్స్ చస్తాయి. ఏం మార్చినా ఒక్కటే మార్చు, బుద్ధిగా. 1955లో హ్యారీ ఈగిల్ అనే శాస్త్రవేత్త సెల్స్‌కి ఏ అమైనో ఆమ్లాలు తప్పనిసరో తేల్చింది అలాగే, ఒక్కొక్కటీ తీసేసి చూసి.

సీరం ఒక్కసారిగా మానెయ్యకు. 10 శాతం నుంచి 5, తర్వాత ఇంకా కిందికి, సెల్స్ కోలుకున్నాకే తర్వాతి మెట్టు. మొదలుపెట్టేముందే సెల్స్ నింపిన కొన్ని వయల్స్ (చిన్న సీసాలు) లిక్విడ్ నైట్రోజన్‌లో దాచు. అది అయ్యాక నాకు ఫోన్ చెయ్యి, రాత్రయినా సరే.

మీ పెద్దమ్మ