సానెట్లు రాసిన గవర్నరమ్మ

ప్రశ్న: మెక్సికోలో ఒక కవి రాష్ట్ర గవర్నర్ అయ్యారని ఎక్కడో చదివాను. మావారు నమ్మడం లేదు, ఇంట్లో పందెం నడుస్తోంది. నిజమేనా? గవర్నర్ అయ్యాక కవిత్వం ఏమైంది?
- ఒక పాఠకురాలు

జవాబు: పందెం మీరే గెలిచారమ్మా. ఆ కవి పేరు గ్రిసెల్దా ఆల్వారెస్. అవును, ఆడమనిషే. మెక్సికోలో గవర్నరైన మొదటి స్త్రీ ఆవిడ. 1979 నవంబర్ 1న కొలీమా రాష్ట్ర పగ్గాలు పట్టారు. పసిఫిక్ తీరాన, ఒక అగ్నిపర్వతం పక్కన ఉండే చిన్న రాష్ట్రమది. అక్కడ గవర్నర్‌ని పైనుంచి ఎవరూ నియమించరు, జనమే ఓటేసి ఎన్నుకుంటారు. ఆరేళ్లు పాలించాలి, మళ్లీ పోటీ చేయడం కుదరదు.

రాజకీయం ఆవిడకు కొత్త కాదు లెండి. ముత్తాత మాన్వెల్ ఆల్వారెస్ 1857లో కొలీమా తొలి గవర్నర్. ఆ ఏడాదే తిరుగుబాటులో హతమయ్యాడు. తండ్రి కూడా గవర్నర్‌గా చేశాడు. ఇంకో మాట దాచకూడదు: ఆ రోజుల్లో దేశాన్ని ఏలుతున్న పీఆర్ఐ పార్టీ టికెట్ దొరికితే గెలిచినట్టే. 1989 దాకా ఆ పార్టీ ఒక్క గవర్నర్ పదవి కూడా వేరేవాళ్లకు వదల్లేదు. అసలు పోటీ అంతా టికెట్ దగ్గరే.

నన్ను ఆకట్టుకున్నది మాత్రం ఆవిడ 1967లో వేసిన సానెట్ల పుస్తకం. సానెట్ అంటే పద్నాలుగు పాదాల కవిత. కవులు ఆడవాళ్లను నఖశిఖపర్యంతం వర్ణించడం చూస్తూనే ఉన్నాం. ఈవిడ దాన్ని తిరగేసి మగవాడి శరీరాన్ని వర్ణించారు, అదీ ఆ కొలత తప్పకుండా! అప్పటికి ఆవిడకు యాభై నాలుగేళ్లు. ఆ పుస్తకం తర్వాత కూడా సెనేటరయ్యారు, గవర్నరయ్యారు. ఎన్నికల్లో నిలబడాలంటే ముందు రాసినవి దాచుకునేవాళ్లను చాలామందిని చూశాను. ఈవిడ ఆ బాపతు కాదు.

ఒక్క లెక్క చూడండి. పుట్టింది 1913లో, గ్వాదలహారాలో. దేశవ్యాప్త ఎన్నికల్లో ఆడవాళ్లకు ఓటు హక్కు 1953లో వచ్చింది. అంటే నలభై ఏళ్లు వచ్చేదాకా ఆవిడ దేశాధ్యక్షుడికి ఓటే వేయలేకపోయారు! అరవై ఆరేళ్లకు గవర్నర్ కుర్చీలో కూర్చున్నారు.

చదువుకున్నది టీచర్ ట్రైనింగ్ కాబట్టి పాలనలో బడి మీద గట్టిగా పట్టుబట్టారు. ఇంట్లో దెబ్బలు తినే ఆడవాళ్లకు ఆసరాగా 1983లో కొలీమాలో ఒక కేంద్రం మొదలైంది కూడా ఆవిడ హయాంలోనే.

ఇక కవిత్వం. మానలేదమ్మా, పెద్ద వయసులోనూ సానెట్లు రాశారు. 1992లో జ్ఞాపకాల పుస్తకం వచ్చింది. పేరు 'క్వెస్తా అర్రీబా', అంటే ఎగువకు ఎక్కడం. 2009లో, తొంభై ఆరో పుట్టినరోజుకు పది రోజుల ముందు కన్నుమూశారు. కొలీమాకు రెండో మహిళా గవర్నర్ వచ్చింది 2021లో.

పందెం డబ్బు మాత్రం మీవారి దగ్గర గట్టిగా వసూలు చేయండి, తర్వాత ఇస్తానంటే ఒప్పుకోకండి.