అమీర్‌పేట పంపే ముందు

పాలకొల్లు దగ్గరి ఊరి నుంచి ఒక తండ్రి రాశారు. అమ్మాయి పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇప్పుడు బీకాం చివరి ఏడాదిలో ఉండి బ్యాంకు క్లర్కు పరీక్షకు చదువుతోంది. ఇంగ్లిష్ రాస్తే ‘షి గో’, ‘దే గోస్’ అని తారుమారవుతోందట, పెద్దక్షరాలు ఒకచోట పెట్టి ఇంకోచోట మర్చిపోతోందట. హైదరాబాద్ పంపి అమీర్‌పేటలో స్పోకెన్ ఇంగ్లిష్‌లో చేర్చాలా, ఇంటిదగ్గరే ప్రాక్టీసు చేయించాలా అని అడిగారు. తోడల్లుడి కొడుకు ఇంగ్లిష్ గలగలా మాట్లాడతాడని, తమ అమ్మాయి నోరు విప్పదని కూడా రాశారు.

ఇంటిదగ్గరే ఉంచండి. క్లర్కు పోస్టుకు ఇంటర్వ్యూ లేదు. స్థానిక భాష వచ్చో రాదో మాత్రం చూస్తారు, మనకైతే అది తెలుగే. ప్రిలిమ్స్, అంటే తొలి దశ పరీక్షలోని ఇంగ్లిష్ భాగంలో వాక్యాలు చదివి, తప్పు పట్టుకోవాలి. స్పోకెన్ కోర్సులు బెరుకు పోగొడతాయి, కాదనను. కానీ అక్కడ తప్పొచ్చినా ఆగకుండా మాట్లాడమంటారు. మీ అమ్మాయికి కావలసింది ఆగి చూసుకునే అలవాటు. హాస్టల్‌కీ ఫీజుకీ అంత పోసి తిరిగొచ్చాక, ధైర్యంగా మాట్లాడుతూ కాగితం మీద మాత్రం అవే తప్పులు రాసే పిల్లల్ని చాలామందిని చూశాను. అందుకే ఈ మోజు మీద నాకు నమ్మకం తక్కువ. రేపు పీఓ (ప్రొబేషనరీ ఆఫీసర్) పరీక్ష రాస్తే ఇంటర్వ్యూ ఉంటుంది. మాట్లాడే సంగతి అప్పుడు చూసుకోవచ్చు.

ఇంకోమాట, కోపం తెచ్చుకోకండి. చుట్టాల ముందు కూర్చోబెట్టి ఇంగ్లిష్‌లో మాట్లాడమంటే ఏ పిల్ల నోరు విప్పుతుందండీ? ఆ తోడల్లుడి కొడుకుతో పోల్చడం ఈరోజే మానేయండి. పిల్లకు తెలివి లేదేమోనన్న భయం మీ ఉత్తరం నిండా ఉంది. ఆ భయం అక్కర్లేదు. కర్తను బట్టి క్రియ మారడం తనకు కొత్తేమీ కాదు. ‘ఆమె వెళ్తుంది’, ‘వాళ్ళు వెళ్తారు’ అని పుట్టినప్పటి నుంచీ తప్పు లేకుండా అంటూనే ఉంది. చిక్కల్లా ఆ ‘ఎస్’ దగ్గరే. నామవాచకానికి తగిలితే బహువచనం, క్రియకు తగిలితే ఏకవచనం. ‘బాయ్స్ గో’, ‘బాయ్ గోస్’. తెలుగులో ఇలా తిరగబడదు కాబట్టి చెయ్యి తడబడుతుంది.

పరీక్షలో అసలు బోల్తా కొట్టించేది వేరే. ‘ద ప్రైస్ ఆఫ్ కోకోనట్స్’ అని మొదలైతే పిల్లలు పక్కనున్న కోకోనట్స్‌ను చూసి ‘హ్యావ్ ఫాలెన్’ అనేస్తారు. పడిపోయింది ధర, కాయలు కాదు. కాబట్టి ‘హ్యాజ్’. ‘వన్ ఆఫ్ ద బోట్స్’ అన్నా ఒక్క పడవే, ‘ఈజ్’ రావాలి. రోజుకు పది వాక్యాలు ఇంగ్లిష్ పేపర్లోంచి తీసుకోమనండి. క్రియ కింద గీత గీసి, ఎవరు, ఏది అని అడిగి, అక్కడి నుంచి కర్త దాకా బాణం వేయాలి. తర్వాత కర్తను ఏకవచనం నుంచి బహువచనానికి మార్చి అదే వాక్యం మళ్ళీ రాయాలి. అరగంట పని.

పెద్దక్షరాల విషయంలో ఫోన్ చెడగొడుతోంది. వాక్యం మొదట్లో కీబోర్డే పెద్దక్షరం వేసేస్తుంటే, తెలుగు లిపిలో అసలు ఆ తేడాయే లేని పిల్లకు అలవాటు ఎలా అవుతుంది? చేత్తో రాయించండి. ధవళేశ్వరం ఆనకట్టను 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తి చేసిన కథ ఇంగ్లిష్‌లో ఎక్కడైనా దొరుకుతుంది. మీరు చదవండి, తను రాస్తుంది, తర్వాత అచ్చుతో పోల్చి చూసుకుంటుంది. సర్ ఆర్థర్ కాటన్, గోదావరి, ధవళేశ్వరం పేర్లు కాబట్టి పెద్దక్షరం. ఉత్త ‘రివర్’, ఉత్త ‘ఇంజినీర్’ అయితే చిన్నదే. నెలల పేర్లకూ వారాల పేర్లకూ పెద్దది, ‘సమ్మర్’, ‘వింటర్’‌లకు చిన్నది. ‘నేను’ అనే ‘ఐ’ వాక్యంలో ఎక్కడున్నా పెద్దదే.

మీకు ఇంగ్లిష్ చదవడం ఇబ్బందైతే ఇంట్లో చిన్నపిల్లల చేత చదివించండి. రెండు నెలలు ఇలా చేశాక కూడా మాక్ టెస్టుల్లో అవే తప్పులు వస్తుంటే, తన కాలేజీ ఇంగ్లిష్ లెక్చరర్‌కు ఆ నోటుబుక్ చూపించమనండి.