అమ్మాయికి 21 నిండేలోపు గ్రీన్ కార్డ్ రాకపోతే?

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. నాది హెచ్-1బి. అమ్మాయి ఐదో ఏట హెచ్-4 (హెచ్-1బి వాళ్ల కుటుంబానికిచ్చే వీసా) మీద వచ్చింది, ఇప్పుడు 17. గ్రీన్ కార్డ్ వచ్చేలోపే 21 నిండేలా ఉంది, అప్పుడు హెచ్-4 పోతుంది. భయపడుతుందని తనకింకా చెప్పలేదు. స్టేటస్ పోయినా డాకా (చిన్నప్పుడే వచ్చి స్టేటస్ లేకుండా ఉన్నవాళ్లను వెనక్కి పంపకుండా ఆపే ఏర్పాటు) ఉంది కదా అంటున్నారు తెలిసినవాళ్లు. తనకు బయాలజీ ఇష్టం. వీసా కోసం కంప్యూటర్ సైన్స్ చదివించమంటారా?

జవాబు: ముందు డాకా సంగతి మర్చిపోండి. 2012 జూన్ 15 నాటికి ఏ స్టేటస్ లేకుండా, 2007 జూన్ నుంచీ అక్కడే ఉన్నవాళ్ల కోసం వచ్చిందది. 2007లో మీ పాప పుట్టనే లేదు. పైగా 18 దాటాక స్టేటస్ లేకుండా ఏడాదికి మించి ఉండి, దేశం దాటితే పదేళ్లు తిరిగి రానివ్వరు. ఇలాంటి సలహా ఇచ్చేవాళ్లకు దూరంగా ఉండండి.

మీ పాపలాంటి పిల్లల కోసమే పెట్టిన అమెరికాస్ చిల్డ్రన్ యాక్ట్ 2021లోనూ, 2023లోనూ చట్టం కాలేదు. దాన్ని నమ్ముకుని కూర్చోకండి. 2002 నాటి చట్టం ప్రకారం మీ ఐ-140 (గ్రీన్ కార్డ్ కోసం మీ కంపెనీ వేసే దరఖాస్తు) పెండింగ్‌లో ఉన్న రోజులను పాప వయసులోంచి తీసేస్తారు. అదనపు ఫీజు కట్టి ప్రీమియంలో వారాల్లోనే అప్రూవల్ తెచ్చుకునుంటే ఆ కొద్ది రోజులే కలిసొస్తాయి.

21 నిండేలోపు ఎఫ్-1 (స్టూడెంట్ వీసా)కి మారడమే గట్టి దారి. నన్నడిగితే కాలేజీలో చేరేటప్పుడే మారడం మేలు. హెచ్-4 మీద జీతమొచ్చే ఇంటర్న్‌షిప్ చేయకూడదు. ఎఫ్-1 మీద, మొదటి ఏడాది అయ్యాక, చదువుకు సంబంధించినదైతే చేయొచ్చు. ఫీజు పెరుగుతుందేమో కాలేజీలో ముందే కనుక్కోండి.

ఇక కంప్యూటర్ సైన్స్. అందరూ అటే పోతున్నారు, నాకైతే నమ్మకం తగ్గుతోంది. మొదటి ఉద్యోగమే కష్టంగా ఉంది. ఆ తర్వాత ఏటా 85 వేల హెచ్-1బిల కోసం లాటరీ చాలామందికి ఎలాగూ తప్పదు. ఓపీటీ (చదువయ్యాక ఉద్యోగం చేసుకునే అనుమతి) మీద వచ్చే అదనపు 24 నెలలు బయాలజీకీ ఉన్నాయి. ఇష్టంలేని చదువు దేనికి? కాకపోతే డాక్టర్ కావాలనుకుంటే మాత్రం ఎఫ్-1 వాళ్లను తీసుకునే మెడికల్ కాలేజీలు తక్కువ. అది ఇప్పుడే తెలియాలి.

తెలియాలంటే మీరు చెప్పాలి కదండీ! స్నేహితులంతా సమ్మర్ జాబ్‌కి వెళ్తుంటే తననెందుకు వద్దంటున్నారో, ఫెడరల్ ఎయిడ్ ఫారం ఎందుకు నింపడం లేదో ఆ పిల్లకు అర్థం కావద్దా? తనలోనే ఏదో లోపం ఉందనుకుంటుంది. భయం పిల్లకంటే మీకే ఎక్కువ ఉన్నట్టుంది. ఇలాంటి పిల్లలు చాలామంది ఎఫ్-1కి మారి చక్కగా చదువుకుంటున్నారు, మీ అమ్మాయీ చదువుకుంటుంది. ఈ వారమే ఐ-94 (ఎప్పటివరకు ఉండొచ్చో చెప్పే రికార్డు), ఐ-140 కాగితాలు తన ముందు పెట్టి మాట్లాడండి. లాయర్ దగ్గరికి వెళ్లేటప్పుడు తననూ తీసుకెళ్లండి.