ఒకడు చేసిన హత్యకు ఆ మతం వాళ్లంతా జవాబు చెప్పాలా?

అక్కర్లేదు. కానీ చప్పట్లు కొట్టినవాళ్ల సంగతి వేరు. పాకిస్తాన్‌లో పంజాబ్ గవర్నర్ సల్మాన్ తాసీర్, దైవదూషణ కేసులో ఉరిశిక్ష పడిన క్రైస్తవ మహిళ ఆసియా బీబీ పక్షాన మాట్లాడి, ఆ చట్టాన్నే తప్పుపట్టారు. 2011 జనవరి 4న సొంత అంగరక్షకుడు ముంతాజ్ ఖాద్రీయే ఆయన్ని కాల్చి చంపాడు. కోర్టుకు తెస్తే అతని మీద గులాబీ రేకులు చల్లింది ఎవరనుకున్నారు? లాయర్లు! తాసీర్ జనాజా నమాజు (అంత్యక్రియల ప్రార్థన) చదివించడానికి చాలామంది మతపెద్దలు ముందుకు రాలేదు. నన్నడిగితే సమాజం బాధ్యత మొదలయ్యేది ఇక్కడే.

అయితే తాసీరూ ముస్లిమే. 2018లో ఆసియాను నిర్దోషిగా విడుదల చేసిన జడ్జీలూ ముస్లింలే. "వాళ్లంతా ఇంతే" అనేవాళ్లు ఈ సగం చెప్పరు. ఆ చట్టాన్ని విమర్శించడం దైవదూషణ కాదని 2015లో ఖాద్రీ అప్పీలు మీద అక్కడి సుప్రీంకోర్టే తేల్చింది.