ఈసినోఫిల్స్‌ను పిలిచేదెవరు?

అలర్జీ మీద వచ్చిన ఉత్తరాల్లో చాలావాటికి రక్తపరీక్ష కాగితమే మూలం. అందులో ఈసినోఫిల్స్ అనే తెల్లరక్తకణాల అంకె చూసి కొందరు భయపడుతున్నారు, కొందరు ధైర్యపడుతున్నారు. రెండూ తొందరపాటే. ఆ కణాలను ఏ రసాయనం పుట్టిస్తోంది, ఏది ఎక్కడికి లాగుతోంది అన్నది తెలిస్తేనే ఆ అంకెకు అర్థం ఉంటుంది. అందుకే ఈసారి ఆ ప్రశ్నలనే ఎంచుకున్నాం.

ప్రశ్న: మా బాబుకి 14 ఏళ్లు. పొద్దున లేవగానే తుమ్ములు, రాత్రిళ్లు దగ్గు. రక్తపరీక్షలో ఈసినోఫిల్స్ 9 శాతం వచ్చాయి. ‘ఈస్నోఫిలియా’ అన్నారు. ఇది రక్తం జబ్బా? ఆ సంఖ్య తగ్గితే దగ్గు తగ్గిపోతుందా?

జవాబు: రక్తం జబ్బు కాదమ్మా. ఈసినోఫిలియా అంటే ఈసినోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు పెరిగాయని మాత్రమే. ఎందుకు పెరిగాయన్నది ఆ మాట చెప్పదు.

ముందుగా శాతాన్ని పక్కనపెట్టి అసలు సంఖ్య లెక్కకట్టండి. మొత్తం తెల్లకణాల సంఖ్యను ఈసినోఫిల్స్ శాతంతో హెచ్చించి 100తో భాగిస్తే సరి. మైక్రోలీటరు రక్తంలో మొత్తం తెల్లకణాలు 4,500 ఉంటే 9 శాతం అంటే 405. అది మామూలే. అదే మొత్తం 12,000 ఉంటే 1,080 అవుతుంది. అది ఎక్కువే. 500 లోపు ఉంటే సాధారణం. ఉబ్బసం, ముక్కు అలర్జీ, చర్మపు అలర్జీ ఉన్నవాళ్లలో పెరిగినా ఎక్కువమందికి 1,500 దాటదు. మళ్లీ మళ్లీ చేసినా 1,500 పైనే వస్తుంటే ‘అలర్జీలే’ అని వదిలేయకూడదు. కడుపులో పురుగులు, కొత్తగా వాడుతున్న మందులు, అరుదుగా రక్తనాళాల వాపు, ఎముక మజ్జ జబ్బులు... వీటన్నిటినీ వెతకాలి.

ఇక ఈ కణాలు ఎలా పెరుగుతాయో చూద్దాం. దుమ్ములోని సూక్ష్మ పురుగులో పుప్పొడో శ్వాసనాళపు లోపలి పొరను తాకి గాయపరిస్తే, ఆ పొరలోని కణాలు టీఎస్ఎల్‌పీ, ఇంటర్‌ల్యూకిన్-33, ఇంటర్‌ల్యూకిన్-25 అనే ప్రొటీన్లను వదులుతాయి. ఇలాంటి ప్రొటీన్లనే సైటోకైన్లు అంటాం. ఒక కణం ఇంకో కణానికి పంపే చీటీల్లాంటివి ఇవి. చిరునామా ఉన్న కణమే, అంటే సరిపోయే రిసెప్టర్ ఉన్న కణమే, ఆ చీటీని అందుకోగలదు. వీటిని అందుకునేవి టీహెచ్-2 లింఫోసైట్లు, ఐఎల్‌సీ-2 కణాలు అనే రోగనిరోధక కణాలు. అవి మరో మూడు సైటోకైన్లను విడుదల చేస్తాయి: ఇంటర్‌ల్యూకిన్-4, 5, 13.

మీ బాబు కాగితంలో కనిపించిన సంఖ్యకు ముఖ్య కారణం ఇంటర్‌ల్యూకిన్-5. ఎముక మజ్జలో ఈసినోఫిల్స్ తయారయ్యేలా చేసేదీ, వాటిని రక్తంలోకి వదిలించేదీ, చావకుండా కాపాడేదీ ఇదే. మజ్జలో ఈసినోఫిల్ తయారుకావడానికి సుమారు వారం పడుతుంది. రక్తంలో మాత్రం ఒక రోజు కూడా ఉండదు. అక్కడి నుంచి శ్వాసనాళంలోకో, ముక్కు పొరల్లోకో, చర్మంలోకో వెళ్లి రోజుల తరబడి ఉండిపోతుంది. ఆ ప్రయాణాన్ని నడిపేది ఇంటర్‌ల్యూకిన్-4, 13. ఇవి రక్తనాళం లోపలి గోడ మీద ఈసినోఫిల్ అంటుకునే ప్రొటీన్‌ను మొలిపిస్తాయి. పైగా ఇయోటాక్సిన్ అనే ఆకర్షక రసాయనాన్ని అక్కడి కణజాలం చేతే తయారుచేయిస్తాయి.

కాబట్టి రక్తంలో లెక్కకు అందినవి దారిలో ఉన్నవే. నష్టం చేసేవి శ్వాసనాళంలోకి చేరిపోయినవి. వాటి రేణువుల్లోని మేజర్ బేసిక్ ప్రొటీన్ లోపలి పొరను దెబ్బతీస్తుంది. అవి వదిలే ల్యూకోట్రైన్లు అనే రసాయనాలు నాళాన్ని బిగిస్తాయి, కళ్లెను పెంచుతాయి. రక్తంలో 300 మాత్రమే ఉండి రోజూ ఆయాసపడేవాళ్లూ, 800 ఉండి ఏ బాధా లేనివాళ్లూ ఉండటానికి కారణం ఇదే. బాబుకు ఊపిరి పరీక్ష, స్పైరోమెట్రీ, చేయించండి. దగ్గుకు ఉబ్బసమే కారణమని తేలితే మందు ఇన్‌హేలర్ రూపంలో శ్వాసనాళానికే చేరాలి. సంఖ్యను తగ్గించడం కోసం మాత్రం ఏ మాత్రా వేయకండి.

ప్రశ్న: నా ఈసినోఫిల్స్ సంఖ్య 900 ఉండేది. ఆయాసానికి స్టిరాయిడ్ మాత్రలు మూడు రోజులు వాడాక 40కి వచ్చింది. అలర్జీ తగ్గిపోయినట్టేనా?

జవాబు: లేదు. ప్రెడ్నిసొలోన్ లాంటి స్టిరాయిడ్ వేసిన కొన్ని గంటల్లోనే రక్తంలో ఈసినోఫిల్స్ పడిపోతాయి. ఇంటర్‌ల్యూకిన్-5 తయారీని స్టిరాయిడ్ అణచివేస్తుంది, ఈ కణాలు త్వరగా చనిపోయేలా చేస్తుంది. ఆపగానే మళ్లీ మొదలవుతాయి. అందుకే పరీక్ష స్టిరాయిడ్ మొదలుపెట్టక ముందే చేయించాలి. వాడేసి ఉంటే, ఆపిన కొన్ని వారాల తర్వాత చేయించండి. దీర్ఘకాలంగా స్టిరాయిడ్ వాడేవాళ్లు మాత్రం పరీక్ష కోసమని దాన్ని ఎప్పుడూ సొంతంగా ఆపకూడదు, ప్రాణం మీదికి వస్తుంది. ఇంకో సంగతి: ఒంట్లో సహజంగా ఊరే కార్టిసాల్ అనే స్టిరాయిడ్ హార్మోను వల్ల ఈ సంఖ్య ఉదయం తక్కువగా, రాత్రి ఎక్కువగా ఉంటుంది. రెండు పరీక్షలను పోల్చాలంటే రెండూ ఒకే వేళకు చేయించండి.

ప్రశ్న: సెట్రిజిన్ వేసుకుంటే తుమ్ములు ఆగుతాయి గానీ ముక్కు దిబ్బడ పోదు. మోతాదు పెంచాలా?

జవాబు: పెంచినా పెద్దగా లాభం ఉండదు. అలర్జీ పదార్థం ముక్కులో పడ్డ నిమిషాల్లోనే ముక్కు పొరల్లోని మాస్ట్ కణాలు హిస్టమిన్ అనే రసాయనాన్ని వదులుతాయి. తుమ్ములు, నీళ్లు కారడం, దురద దానివల్లే. సెట్రిజిన్ అడ్డుకునేది దాన్నొక్కదాన్నే. నాలుగైదు గంటల తర్వాత రెండో దశ మొదలవుతుంది. సైటోకైన్ల పిలుపుతో ఈసినోఫిల్స్, లింఫోసైట్లు, బేసోఫిల్స్ ముక్కు పొరల్లోకి దిగుతాయి. పొర వాచి, దిబ్బడ గంటల తరబడి సాగుతుంది. ఈ దశకు ముక్కులో కొట్టే స్టిరాయిడ్ స్ప్రే కావాలి.

చాలామంది దాన్ని రెండు రోజులు వాడి ‘పనిచేయలేదు’ అని పడేస్తారు. సైటోకైన్ల తయారీ తగ్గి, అప్పటికే చేరిన కణాలు ఖాళీ కావాలి కదా. పూర్తి ఫలితానికి ఒకటి రెండు వారాలు రోజూ వాడాలి. తల కొద్దిగా ముందుకు వంచండి. ఎడమ ముక్కుకు కుడి చేత్తో, కుడి ముక్కుకు ఎడమ చేత్తో పట్టుకుంటే స్ప్రే మొన బయటి గోడవైపు తిరుగుతుంది. మధ్య గోడకు తగిలేలా కొడితే ముక్కు నుంచి రక్తం వస్తుంది. నొక్కుతూ మెల్లగా పీల్చండి. గట్టిగా ఎగపీలిస్తే మందంతా గొంతులోకి పోతుంది.

ప్రశ్న: నాకు తీవ్రమైన ఉబ్బసం. డూపిలుమాబ్ ఇంజెక్షన్లు మొదలుపెట్టి రెండు నెలలైంది. ఆయాసం బాగా తగ్గింది. కానీ ఈసినోఫిల్స్ 400 నుంచి 1,100కి పెరిగాయి. నా స్నేహితుడికి మెపోలిజుమాబ్ ఇస్తే దాదాపు పోయాయి. నాకు తప్పు మందు ఇచ్చారా?

జవాబు: తప్పు మందు కాదు. రెండు మందులూ వేర్వేరు చోట్ల అడ్డుపడతాయి.

మెపోలిజుమాబ్ ఇంటర్‌ల్యూకిన్-5ను పట్టేస్తుంది. మజ్జకు పిలుపు అందదు, తయారీ పడిపోతుంది, రక్తంలో సంఖ్య తగ్గుతుంది. బెన్రలిజుమాబ్ ఇంకో అడుగు ముందుకేసి ఈసినోఫిల్ మీదున్న ఇంటర్‌ల్యూకిన్-5 రిసెప్టర్‌కే అంటుకుంటుంది. దాంతో ఎన్‌కే కణాలు అనే రోగనిరోధక కణాలు వచ్చి ఆ ఈసినోఫిల్‌ను చంపేస్తాయి. సంఖ్య ఒకటి రెండు రోజుల్లోనే దాదాపు సున్నా అవుతుంది.

డూపిలుమాబ్ అడ్డుకునేది ఇంటర్‌ల్యూకిన్-4, 13 రెండూ వాడే ఉమ్మడి రిసెప్టర్‌ను. ఇంటర్‌ల్యూకిన్-5 జోలికి అది పోదు. అంటే మజ్జలో తయారీ సాగుతూనే ఉంటుంది, కణజాలంలోకి లాగే ఇయోటాక్సిన్, గోడకు అంటుకునే ప్రొటీన్ మాత్రం తగ్గిపోతాయి. ఊపిరితిత్తుల్లోకి దిగలేని ఈసినోఫిల్స్ రక్తంలోనే నిలిచిపోతాయి. మీ ఆయాసం తగ్గి సంఖ్య పెరగడానికి కారణం ఇదే. ఎక్కువమందిలో ఇది కొన్ని నెలల్లో సర్దుకుంటుంది.

అయినా పట్టించుకోకుండా ఉండకూడదు. మీ డాక్టరు చెప్పిన వ్యవధికి సంఖ్యను మళ్లీ చూపించుకోండి. 1,500 దాటినా, లేదా సంఖ్య ఎంతైనా సరే చేతులూ కాళ్లలో తిమ్మిరి, పాదం వేలాడిపోవడం, చర్మం మీద ఊదారంగు మచ్చలు, ఛాతీ నొప్పి, ఆయాసం మళ్లీ పెరగడం కనిపించినా వెంటనే వెళ్లండి. ఈసినోఫిల్స్‌తో కూడిన రక్తనాళాల వాపు అరుదుగా ఇలా బయటపడుతుంది. ముఖ్యంగా, ఇంజెక్షన్ పనిచేస్తోంది కదా అని స్టిరాయిడ్ మాత్రలను ఒక్కసారిగా ఆపేసినవాళ్లలో. మాత్రలను మెట్లు మెట్లుగానే తగ్గించాలి. కళ్లు ఎర్రబడి మంటపుట్టడం డూపిలుమాబ్‌కు తెలిసిన దుష్ఫలితం. అదీ చెప్పండి.

మందుకన్నా రోగిని ఎంచుకోవడమే ముఖ్యమని మెపోలిజుమాబ్ చరిత్రే చెబుతుంది. 2000లో తేలికపాటి ఉబ్బసం ఉన్నవాళ్లకు ఇంటర్‌ల్యూకిన్-5ను అడ్డుకునే యాంటీబాడీ ఇచ్చి చూశారు. ఈసినోఫిల్స్ పడిపోయాయి గానీ అలర్జీ పదార్థం పీలిస్తే శ్వాసనాళం ఎప్పటిలాగే బిగుసుకుంది. ఆ దారి మూసుకుపోయిందనే చాలామంది అనుకున్నారు. 2009లో కళ్లెలో ఈసినోఫిల్స్ ఉండి, తరచూ తీవ్రమైన దాడులు వచ్చేవాళ్లనే ఎంచి ఇచ్చినప్పుడు ఆ దాడులు గణనీయంగా తగ్గాయి. 2015లో అమెరికాలో అనుమతి వచ్చింది. పెద్దల ఉబ్బసానికి మోతాదు 100 మిల్లీగ్రాములు, నాలుగు వారాలకొకసారి చర్మం కింద. ఇంకా పైనున్న టీఎస్ఎల్‌పీని అడ్డుకునే టెజెపెలుమాబ్ 2021లో వచ్చింది. దానితో ఈసినోఫిల్స్, ఐజీఈ అనే అలర్జీ యాంటీబాడీ, శ్వాసనాళపు వాపును సూచించే ఊపిరిలోని నైట్రిక్ ఆక్సైడ్ మూడూ తగ్గుతాయి.

వీటిలో ఏది మొదలుపెట్టేముందైనా కడుపులో పురుగులు ఉన్నట్టు తేలితే ముందు వాటికి వైద్యం పూర్తి చేయాలి. పురుగులను ఎదుర్కొనేది కూడా ఈ సైటోకైన్ల దారే.

ప్రశ్న: ఐజీఈ 2,000 దాటింది. అలర్జీ చాలా తీవ్రంగా ఉన్నట్టా?

జవాబు: మొత్తం ఐజీఈ అంకె తీవ్రతను చెప్పదు. ఇంటర్‌ల్యూకిన్-4 పిలుపు అందిన బి-లింఫోసైట్లు ఐజీఈ తయారీకి మళ్లుతాయి. చర్మపు అలర్జీలోనూ, పురుగులున్నప్పుడూ ఇది బాగా పెరుగుతుంది. ఏ పదార్థానికి అలర్జీయో తెలియాలంటే ఆ పదార్థానికి విడిగా ఐజీఈ పరీక్షో, చర్మం మీద గుచ్చే పరీక్షో కావాలి. గుచ్చే పరీక్షకు ముందు సుమారు వారం పాటు సెట్రిజిన్ లాంటివి ఆపాలి. రక్తపరీక్షకు ఆపనక్కరలేదు. ఐజీఈని పట్టేసే ఒమాలిజుమాబ్ ఇంజెక్షన్ వాడేవాళ్లు మొత్తం ఐజీఈ మళ్లీ చేయించి ఉపయోగం లేదు. మందు అంటుకున్న ఐజీఈ రక్తంలో ఎక్కువకాలం నిలుస్తుంది కాబట్టి అంకె పెరిగినట్టే కనిపిస్తుంది.

ప్రశ్న: మా పాపకి అటోపిక్ డెర్మటైటిస్ అనే చర్మపు అలర్జీ. దురదకు సిరప్ పోస్తే నిద్రపోతుంది గానీ గోకడం మానదు. ఒంట్లో వాపును చూపే సీఆర్‌పీ రక్తపరీక్ష మామూలుగా ఉంది. మరి వాపు లేనట్టేనా?

జవాబు: ఉంది. సీఆర్‌పీని ప్రధానంగా పెంచేది ఇంటర్‌ల్యూకిన్-6. పాప చర్మంలో నడిచేది ఇంటర్‌ల్యూకిన్-4, 13, 31ల పని. అందుకే సీఆర్‌పీ మామూలుగా ఉండవచ్చు. 31 నేరుగా నరాల కొసలను రేపి దురద పుట్టిస్తుంది. హిస్టమిన్ పాత్ర ఇక్కడ తక్కువ కాబట్టి సిరప్ మత్తు ఇస్తుందే తప్ప దురదను ఆపదు. ఇంటర్‌ల్యూకిన్-4, 13 చర్మపు పైపొరను గట్టిగా ఉంచే ఫిలగ్రిన్ ప్రొటీన్‌ను తగ్గిస్తాయి. పొర పలచబడితే అలర్జీ పదార్థాలు లోపలికి దిగి ఇంకా సైటోకైన్లను రేపుతాయి.

గోరువెచ్చని నీళ్లతో కొద్దిసేపే స్నానం చేయించి, రుద్దకుండా అద్ది, చర్మం తడిగా ఉండగానే వాసన లేని మాయిశ్చరైజర్ ధారాళంగా రాయండి. ఎర్రగా ఉన్నచోట మాత్రం డాక్టరు రాసిన స్టిరాయిడ్ ఆయింట్‌మెంట్. పెద్దవాళ్ల చూపుడు వేలి చివరి కణుపు పొడవున ట్యూబు నుంచి పిండితే దాదాపు అర గ్రాము వస్తుంది. పెద్దవాళ్ల వేళ్లతో సహా రెండు అరచేతులంత చర్మానికి అది సరిపోతుంది. భయంతో చుక్కంత రాస్తే వాపు తగ్గదు, చివరికి ఎక్కువ రోజులు రాయాల్సి వస్తుంది. ఎరుపూ గరుకూ పోయేదాకా రాయండి. ముఖానికీ, చర్మపు మడతలకూ తక్కువ బలమున్న ఆయింట్‌మెంట్ విడిగా అడిగి తీసుకోండి.