టైగర్ వుడ్స్ గెలిచిన గోల్ఫ్ కోర్సులో మనలాంటివాళ్లని ఆడనిస్తారా?

ఆడనిస్తారు. నేను ఆడాను కాబట్టి ధైర్యంగా చెప్తున్నా. మాది కోవూరు. ఉద్యోగం మీద అమెరికాలోని శాన్ డియాగోలో నాలుగేళ్లున్నాను. అక్కడ సముద్రం పక్కన, ఎత్తైన గట్టు మీద టోరీ పైన్స్ అని ఒక గోల్ఫ్ కోర్సు ఉంది. అది ఏ క్లబ్బుదీ కాదు, నగరపాలక సంస్థది. మన కార్పొరేషన్‌కి పార్కులున్నట్టు వాళ్లకది. 1957లో తెరిచారు. సౌత్, నార్త్ అని రెండు కోర్సులు, ఒక్కోదానికి 18 హోల్స్, అంటే బంతిని చేర్చాల్సిన గుంతలు. 1968 నుంచి పేరున్న ఆటగాళ్లాడే పీజీఏ టూర్ పోటీ అక్కడే జరుగుతోంది, యూఎస్ ఓపెన్ అనే పెద్ద పోటీ కూడా 2008లో, 2021లో జరిగింది. ఆ పోటీల రోజులు పోతే మిగతా ఏడాదంతా డబ్బు కట్టి ఎవరైనా ఆడొచ్చు. ఊళ్లోవాళ్లకి రేటు బాగా తక్కువ, బయటివాళ్లకి చాలా ఎక్కువ.

ముందుగా టైము దొరక్కపోతే తెల్లారకముందే పోయి పేరు రాయించుకోవాలి. ముగ్గురే ఉన్న జట్టు వస్తే నాలుగోవాడిగా కలుపుతారు. నేనట్లా ముగ్గురు పెద్దవాళ్లతో సౌత్ కోర్సులో దిగాను. ఎవరూ నీ ఉద్యోగమేంది, నీ స్థాయేంది అని అడగలా.

18వ హోల్ దగ్గర నా కాళ్లు ఆగిపోయాయి. గ్రీన్ (హోల్ చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి) ముందు నీళ్ల గుంట. 1975లో బ్రూస్ డెవ్లిన్ అనే ఆస్ట్రేలియా ఆటగాడు అందులో పడ్డ బంతిని బయటికి కొట్టబోయి, మళ్లీ మళ్లీ కొట్టి, ఆ ఒక్క హోల్‌కి 10 స్ట్రోకులు (దెబ్బలు) తీసుకున్నాడు. గుంటకి ఆయన పేరే ఉండిపోయింది. 2008లో టైగర్, ఎడమ కాలి ఎముక చిట్లి, మోకాల్లో లిగమెంటు తెగి ఉన్నా, ఆదివారం ఇదే గ్రీన్ మీద దాదాపు 12 అడుగుల పుట్ (బంతిని నేల మీద దొర్లించి హోల్‌లో వేసే దెబ్బ) వేసి, రోకో మీడియేట్ అనే ఆటగాడితో స్కోరు సమం చేశాడు. సోమవారం మళ్లీ 18 హోల్స్ ఆడినా తేలలేదు. ఇంకో హోల్ ఆడి మీడియేట్ మీద గెలిచాడు. టీవీలో చూసిన ఆ చోట నేను బంతి పెట్టుకుని నిలబడ్డాను. చేతులు వణికాయి.

మా నాయన శాన్ డియాగో వచ్చినప్పుడు అక్కడికి తీసుకుపోయాను. వరి పండించిన మనిషి కదా, ఆట సంగతి తర్వాత, "ఇంత గడ్డికి నీళ్లెక్కణ్ణించి పెడతారబ్బయా?" అని అడిగాడు. మురుగునీళ్లు శుద్ధి చేసి పారిస్తారని చెప్తే వంగి గడ్డిని చేత్తో తడిమి చూశాడు. అది కికుయు గడ్డి. మన గరిక మాదిరే అల్లుకుపోతుంది, కానీ దుబ్బు మందం. పక్కకి పోయిన బంతి అందులో పడితే బయటికి తీయడం మహా కష్టం.

అందుకే మీరు పోతే ముందు నార్త్ ఆడండి, సౌత్ కంటే పొడవు తక్కువ. సౌత్ ఆడేటప్పుడు టైము పొద్దున్నే తీసుకోండి. అక్కడి గ్రీన్ల మీద ఉండే పోవా అనే రకం గడ్డి మధ్యాహ్నానికి ఎగుడుదిగుడుగా పెరిగి, తిన్నగా వేసిన పుట్ కూడా పక్కకి తిరుగుతుంది.