రిపోర్టులో ఆ ఒక్క మాట

చిన్నీ,

అమెరికాలో ఏటా ఏప్రిల్ 11 నుంచి 17 దాకా జరిగే నల్లజాతి తల్లుల ఆరోగ్య వారానికి మీ వార్డులో నిన్ను మాట్లాడమన్నారని ఫోన్‌లో చెప్పావు. ఆ వేళ కుక్కర్ విజిళ్ళ మధ్య నేనేదో గబగబా అనేశాను. అట్లాంటాలో ముప్పై ఏళ్ళు కాన్పుల వార్డులో చేసి రిటైరైన దాన్ని, ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

నువ్వు పంపిన పోస్టర్ చూశాను. మంచి తిండి తినండి, చెకప్‌లు మానకండి, టెన్షన్ పడకండి... అది పక్కన పెట్టెయ్. అందులో తప్పేం లేదు గానీ, చదివినవాళ్ళకి ఏమనిపిస్తుంది? కాన్పుల్లో పోయిన నల్లజాతి తల్లులు ఒళ్ళు చూసుకోక పోయారనే కదా. మన తెలుగు సంఘం వంటశాలలో ఆ మాట నేను చెవులారా విన్నాను. పెళ్ళిచూపుల్లో పిల్ల కాస్త చామనఛాయ అని నసిగే మనవాళ్ళకి ఆ మాట అనడం ఎంతసేపు!

షాలన్ ఇర్వింగ్ గురించి చెప్పు. సీడీసీలో, అంటే అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య సంస్థలో పనిచేసిన ఎపిడెమియాలజిస్టు. జనం ఆరోగ్యంలో తేడాలు ఎందుకొస్తున్నాయన్నదే ఆవిడ పని. 2017 జనవరిలో, కాన్పయిన మూడు వారాలకి, బీపీ సమస్యలతో చనిపోయింది. 36 ఏళ్ళు. ఆ మూడు వారాల్లో ఒంట్లో బాగాలేదని పదే పదే డాక్టర్ల దగ్గరికి వెళ్ళింది కూడా. చదువు, ఉద్యోగం, జాగ్రత్త, అన్నీ ఉన్నాయి. డిగ్రీ చదివిన నల్లజాతి స్త్రీలు కూడా, హైస్కూలు దాటని తెల్లజాతి స్త్రీల కంటే ఎక్కువగా చనిపోతున్నారని సీడీసీ లెక్కలే తేల్చాయి.

అంకెలు ఎక్కువ చదవకు, మూడో అంకెకి అందరూ ఫోన్లు తీస్తారు. ఒక్క జత చాలు. 2023లో లక్ష కాన్పులకి తెల్లజాతి తల్లులు 14.5 మంది పోతే, నల్లజాతి తల్లులు 50.3 మంది. రాష్ట్రాల కమిటీలు ఒక్కో మరణాన్నీ తిరగేసి చూసి, పదింట ఎనిమిదికి పైగా ఆపగలిగినవేనన్నాయని కలుపు. ఇక అంకెల జోలికి పోకు.

తర్వాత నా సంగతి చెప్పు. ఇన్నేళ్ళూ మీ అమ్మకి కూడా చెప్పలేదు.

ఒక రాత్రి ఏడింటికి డ్యూటీ ఎక్కాను. పగటి నర్సు రిపోర్టు ఇచ్చింది: రెండో కాన్పు, తల్లీబిడ్డా బాగున్నారు, అంతా నార్మల్, మనిషి కాస్త డిమాండింగ్. ఆ చివరి మాట పట్టుకునే నేను గదిలోకి వెళ్ళాను. నల్లజాతి అమ్మాయి. తల నొప్పిగా ఉందంది. టైలెనాల్ మాత్ర ఇచ్చాను. వాళ్ళమ్మ రెండుసార్లు మా నర్సుల డెస్క్ దగ్గరికొచ్చింది. రెండోసారి నేను కుర్చీలోంచి లేవకుండానే, డాక్టర్‌కి చెప్తాలెండి అన్నాను. పదకొండు దాటాక, లైటు వెలుగు కళ్ళలో గుచ్చుకుంటోందని కబురొస్తే అప్పుడు బీపీ పట్టీ చుట్టాను. 172/114. ఫిట్స్ రాకుండా ఇచ్చే మెగ్నీషియం డ్రిప్ పెట్టేలోపే ఫిట్స్ వచ్చేశాయి.

బతికింది. తెల్లారి ఆ పెద్దావిడ నన్ను పల్లెత్తు మాట అనలేదు. భోజనం మెనూ కార్డు తిప్పి నా ముందు పెట్టింది. వెనక పెన్నుతో రాసుంది, కూతురు తలనొప్పి అని మాకు చెప్పిన టైములు: 8:40, 9:55, 10:30, 11:05. ఛార్టులో నేను రాసింది ఒక్కటే, 8:40.

అందుకే నీ మాటలు పేషెంట్లకి కాదు, డ్యూటీ మారే వేళ నర్సులకి, ట్రైనింగ్‌లో ఉన్న రెసిడెంట్ డాక్టర్లకి చెప్పు. పావుగంట చాలు. రిపోర్టులో ‘డిమాండింగ్’, ‘డ్రమాటిక్’ లాంటి మాటలు ఎవరి గురించి ఎక్కువ వాడుతున్నామో ఒక వారం రాసిపెట్టమను. ఎవరి పేర్లూ అడక్కు. బీపీ 160/110 దాటితే పావుగంటలో మళ్ళీ చూడాలని, అలాగే ఉంటే గంటలోపే మందు పడాలని అందరికీ తెలుసు. ఆ గంట ఎవరి విషయంలో సాగుతోందో మీ ఛార్టులే చెప్తాయి. మీ మేనేజర్ని అడిగి తీయించు. మొదట మొహం చిట్లిస్తుంది, పర్లేదు.

మీ వార్డులో నల్లజాతి నర్సులున్నారు కదా, నీ అనుభవం చెప్పు అని వాళ్ళని లేపి నిలబెట్టకు. వాళ్ళంతట వాళ్ళు చెప్తే విను.

ఇంకొకటి. ఈ మరణాల్లో సగానికి పైగా కాన్పయిన వారం తర్వాత, ఏడాదిలోపు జరిగేవే. మనవాళ్ళకైతే ఇండియా నుంచి అమ్మో అత్తగారో వచ్చి పచ్చి బాలింతని కనిపెట్టుకుని ఉంటారు. ఇక్కడ జీతంతో సెలవు దొరక్క, కుట్లు ఆరకముందే పనికి పోయేవాళ్ళని ఎంతమందిని చూశానో. డిశ్చార్జి కాగితాలు పేషెంటుకి ఇచ్చి ఊరుకోకుండా, తీసుకెళ్ళడానికి వచ్చిన మనిషిని కూర్చోబెట్టి చెప్పండి: గంటకో ప్యాడ్ తడిసినా, ఆయాసమొచ్చినా, ఒక కాలు వాచినా, తగ్గని తలనొప్పి ఉన్నా ఎమర్జెన్సీకి రండి, రాగానే ఫలానా తేదీన కాన్పయిందని చెప్పండి అని. అది చెప్పకపోతే అక్కడ మామూలు తలనొప్పి లైన్లో కూర్చోబెడతారు.

నా కథ చెప్పేటప్పుడు ‘ఎవరో ఒక నర్సు’ అనకు. మా పెద్దమ్మ అనే చెప్పు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ